ఇల్లు అమ్మకండి మాస్టారూ!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అరవై దాటినవాళ్లవి, లేదా వాళ్ల కోడళ్లవి, కూతుళ్లవి. కొడుకులు మాత్రం రాయలేదు, ఎందుకో మరి. అందరూ అటు తిప్పి ఇటు తిప్పి అడిగింది "నన్ను ఎవరు చూసుకుంటారు" అనే. నేను జవాబులు రాస్తున్నప్పుడు మాత్రం మీ డబ్బు, మీ తిండి, మీ నడక, మీ ఇంటి తలుపు ఇంకా మీ చేతిలో ఉన్నాయా లేదా అనే చూశాను. అవి ఉన్నంతకాలం చూసుకునేవాళ్లు కూడా మర్యాదగా చూసుకుంటారు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని, వయసు 71. మా ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు. ఇల్లు అమ్మేసి వచ్చేయమంటున్నారు, బేరం కూడా వచ్చింది. పిల్లలు మంచివాళ్లే, కోడళ్లూ మంచివాళ్లే, కానీ అక్కడికి వెళ్తే పది రోజులు దాటేసరికి ఊపిరాడదు. ఇక్కడ ఉందామంటే రాత్రిళ్లు భయం, వంట రాదు. ఏం చేయమంటారు?
– ఒక మాస్టారు, నరసన్నపేట మండలం

జవాబు: మాస్టారూ, ఇల్లు ఇప్పుడు అమ్మకండి. మనిషి పోయిన ఏడాదిలోపు ఇల్లు, పొలం, బంగారం జోలికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ సమయంలో ఏ నిర్ణయమైనా ఆ ఖాళీ గదుల్లోంచి పారిపోవడానికి తీసుకునేదే అవుతుంది, తర్వాత బాధ కాస్త తగ్గాక చూసుకుంటే ఇల్లు ఉండదు. బేరం పోతుందంటారు, పోనివ్వండి. నరసన్నపేట చుట్టుపక్కల రోడ్డు పక్కన ఇల్లుంటే కొనేవాడు ఇంకొకడు వస్తాడు.

మీరు హైదరాబాద్ వెళ్లింది ఎప్పుడో రాయలేదు. దసరాకో వేసవి సెలవులకో అయితే అది లెక్కలోకి రాదు, ఇంటినిండా జనం ఉంటారు, మనవలు మీ చుట్టూ తిరుగుతారు. ఈసారి ఏ పండగా లేని నెలల్లో, పిల్లలకు పరీక్షలు, పెద్దలకు ఆఫీసులు ఉన్నప్పుడు వెళ్లి రెండు నెలలు ఉండి చూడండి. ఆమదాలవలసలో రైలెక్కడమే కదా, సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో తీసేశాక మళ్లీ ఇవ్వలేదు గానీ, టికెట్‌లో వయసు సరిగా వేస్తే కింది బెర్తు దొరికే అవకాశం ఎక్కువ. అక్కడికి వెళ్లాక పొద్దున్న తొమ్మిదికి అందరూ బయటికి పోయిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా మీ రోజు ఎలా గడుస్తోందో గమనించండి. లిఫ్టు దిగి ఎవరి సాయం లేకుండా నడిచి వెళ్లగలిగిన చోటు ఒక్కటైనా ఉందా, అది పార్కయినా గుడయినా టీ కొట్టయినా సరే. మిమ్మల్ని మాస్టారూ అని పిలిచేవాళ్లు ఒక్కరైనా దొరికారా. రెండోసారి టీ తాగాలనిపిస్తే మీరే పెట్టుకోగలుగుతున్నారా, లేక కోడలు వచ్చేదాకా ఆగుతున్నారా. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ రోజంతా వీటితోనే గడవాలి. రెండు నెలల తర్వాత కూడా ఊపిరాడకపోతే ఆ మాట కొడుకులకు సూటిగా చెప్పండి, మీ కోసం మొహమాటపడి ఉన్నానని తర్వాత ఎప్పుడో దెప్పడం కంటే అదే మేలు.

ఇక ఊళ్లోనే ఉండే సంగతి. వంట రాదని 71 ఏళ్ల మాస్టారు రాస్తే నాకు కొంచెం కోపం కూడా వచ్చిందండీ, ఇన్నేళ్లు పిల్లలకు ఆల్జీబ్రా చెప్పినవారికి కుక్కర్లో పప్పు పెట్టడం అంత కష్టమా? సరే, రోజూ వండుకోమనను. మీ వీధిలోనే వండిపెట్టే ఇల్లాలు ఎవరో ఒకరుంటారు, నెలకింత అని ముందే మాట్లాడుకుని మధ్యాహ్నం భోజనం క్యారేజీలో తెప్పించుకోండి. పొద్దున్న చోడి (రాగి) అంబలి, రాత్రికి ఇడ్లీయో ఉప్మాయో మీరు చేసుకోగలరు. ఒంటరిగా ఉండే మగవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే అన్నం, ఆవకాయ, మజ్జిగతో రోజు గడిపేసి కడుపు నిండింది కదా అనుకుంటారు. ఈ వయసులో కండ త్వరగా కరిగిపోతుంది, కాళ్లలో కండ పోతే పడిపోవడం మొదలవుతుంది. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ని అడిగి తినాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారో లేదో రోజూ పొద్దున్న చూసుకోండి, లేవలేకపోతే అదే వ్యాయామంగా పెట్టుకుని పొద్దున పది సార్లు, సాయంత్రం పది సార్లు లేచి కూర్చోండి.

రాత్రి భయం అన్నారు, దొంగల భయమా, పడిపోతానన్న భయమా? మన వైపు పాత ఇళ్ల సంగతి తెలిసిందే, వీధిలో ఎత్తు అరుగు, లోపలికి రైలు పెట్టెల్లా వరుసగా గదులు, చివర పెరట్లో బాత్రూం. అర్ధరాత్రి నిద్రకళ్లతో గడపలన్నీ దాటి అక్కడిదాకా వెళ్లాలి, మళ్లీ రావాలి. ఇల్లు అమ్మే ముందు ఆ దారి బాగు చేయించండి. మంచం దగ్గర చేతికందే స్విచ్చు, దారి పొడవునా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు, బాత్రూంలోనూ అరుగు మెట్ల పక్కనా పట్టుకోవడానికి గట్టి స్టీలు కడ్డీలు, కింద కూర్చునే దొడ్డి బదులు కమోడ్. వీలైతే పడక గదికి ఆనుకునే చిన్న బాత్రూం కట్టించుకోండి, ఇంకో ఇరవై ఏళ్లు పనికొస్తుంది. బీపీ మాత్రలు వేసుకుంటుంటే మంచం మీంచి ఒక్కసారిగా లేవకండి, రెండు నిమిషాలు కూర్చుని లేవండి.

పొద్దున్న ఏడింటికి మీరు అరుగు మీద కనబడకపోతే వచ్చి తలుపు కొట్టే మనిషి ఒకరుండాలి, ఎదురింటివాళ్లతో ఇది నోటితో చెప్పి మాట్లాడుకోండి, రెండో తాళం చెవి వాళ్ల దగ్గర ఉంచండి. ఇల్లు పెద్దదైతే ముందు భాగం ఏ నర్సమ్మకో, బదిలీ మీద వచ్చిన టీచర్ల కుటుంబానికో అద్దెకివ్వండి, అద్దె తక్కువైనా పరవాలేదు, ఇంట్లో ఇంకో పొయ్యి వెలుగుతుంది. రిటైర్మెంట్ డబ్బు మిగిలి ఉంటే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది, 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, ఐదేళ్ల గడువు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఎవరి వ్యాపారంలోనూ పెట్టకండి, సొంత కొడుకుదైనా సరే.

ప్రశ్న: వయసు 66. కొబ్బరి తోట, కొంచెం జీడి తోట ఉన్నాయి. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. మందుల షాపులో అడిగితే మాత్ర ఇస్తున్నారు, రోజూ ఒకటి వేసుకుంటే పని చేసుకోగలుగుతున్నా. వాడొచ్చా?
– కవిటి నుంచి ఒక రైతు

జవాబు: వద్దన్నా, ఇవాళే ఆపండి. మీరుండేది ఉద్దానం. అక్కడ కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకు వస్తోందో ఇన్నేళ్ల పరిశోధనల్లో ఇదీ కారణం అని తేలలేదు గానీ, రోజూ నొప్పి మాత్రలు మింగితే కిడ్నీ దెబ్బతింటుందన్నది మాత్రం ఎప్పుడో తేలిన విషయం. షాపువాళ్లు ఇచ్చేది చాలావరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకాలే. ఎండలో చెమట కక్కుతూ, నీళ్లు సరిగా తాగకుండా, పైగా బీపీ మాత్రలు కూడా వేసుకుంటూ వీటిని వాడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి కదా, రిపోర్టు తేడాగా ఉంటే ఆలస్యం చేయకుండా అక్కడికి వెళ్లండి. ఒంట్లో బాగానే ఉంది అని ఊరుకోవద్దు, ఈ జబ్బు చివరిదాకా బయటపడదు.

మోకాళ్లకు తొడ కండలో బలం ఉంటే నొప్పి తగ్గుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా జానెడు పైకెత్తి పది లెక్కపెట్టి దించండి, ఒక్కో కాలికి పదిసార్లు. మరీ నొప్పిగా ఉన్న రోజు డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్. తోట పని మానకండి, చల్లటి పూట చేయండి, గొంతుక్కూర్చుని చేసే పని మాత్రం ఇంకొకరికి చెప్పండి.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు, ఆయన పోయి ఆరేళ్లు. ఎకరంన్నర పొలం, ఇల్లు ఉన్నాయి. బ్యాంకు లోను కోసమని మా అబ్బాయి తన పేరున గిఫ్టు రాసివ్వమంటున్నాడు. రాయకపోతే చూడను అన్నట్టు మాట్లాడుతున్నాడు. కూతురు రాయొద్దంటోంది. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను, రాత్రి నిద్ర ఉండటం లేదు.
– చీపురుపల్లి దగ్గర నుంచి ఒక అమ్మ

జవాబు: అమ్మా, మీరు ఒక్క ముఖ్యమైన విషయం రాయలేదు, పొలం ఎవరి పేరున ఉంది? మీ పేరున కొన్నదైతే మీ ఇష్టం. మీ ఆయన పేరున ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది మీకూ కొడుక్కీ కూతురికీ సమాన వాటాలు, అత్తగారు బతికుంటే ఆవిడకూ వాటా ఉంటుంది. అప్పుడు మీరొక్కరే మొత్తం గిఫ్టు రాయడానికి అసలు కుదరదు. ఈ మాట అబ్బాయికి చెప్పండి, "నేను రాయను" అనే బదులు "నాకు రాసే హక్కు నా వాటా వరకే ఉంది" అంటే గొడవ సగం అక్కడే చల్లారుతుంది.

మీ సొంతమే అయినా సరే, గిఫ్టు రాయకండి. రిజిస్టరైన గిఫ్టును తర్వాత మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. పిల్లవాడికే ఇవ్వాలనుంటే వీలునామా రాయండి, అది మీ తదనంతరమే అమల్లోకి వస్తుంది, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివర రాసిందే చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, ఆస్తి వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే రేపు తగాదా తగ్గుతుంది.

ఒకవేళ ఎలాగూ రాయక తప్పని పరిస్థితి వస్తే రెండు వాక్యాలు దస్తావేజులోనే ఉండాలి. మీరు బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, పొలం ఫలసాయం అనుభవించే హక్కు మీదే అన్నది ఒకటి. మిమ్మల్ని పోషించాలి, వైద్యం చూడాలి, అలా చేయకపోతే ఈ గిఫ్టు చెల్లదు అన్నది రెండోది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో సెక్షన్ 23 అని ఒకటుంది, చూస్తానని రాయించుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయమని అడగొచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువుండాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకావిడ కేసులో చట్టాన్ని పెద్దవాళ్లకు అనుకూలంగా చూడాలంటూ గిఫ్టు రద్దు చేసింది, అక్కడ కూడా కొడుకు చూస్తానని రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి నోటిమాటను నమ్మి సంతకం పెట్టొద్దు.

పోషణ ఇవ్వకపోతే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, అక్కడ దరఖాస్తు ఇవ్వొచ్చు, లాయరు అక్కర్లేదు, నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. అంతదాకా వెళ్లే ముందు 14567కి ఫోన్ చేయండి, అది పెద్దవాళ్ల కోసమే పెట్టిన ఉచిత నంబరు, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. అన్నట్టు, ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చే 4,000 పింఛను మీకు వస్తుంటే అది మీ చేతిలోనే ఉండాలి. మనవడికి ఐస్‌క్రీమ్ కొనిపెట్టడానికి కొడుకుని అడిగే పరిస్థితి తెచ్చుకోకండి.

ప్రశ్న: 70 దాటినవాళ్లకు ఐదు లక్షల వైద్యం కార్డు అంటున్నారు, నాకు పెన్షన్ వస్తుంది కాబట్టి ఇవ్వరని మా బావగారు అంటున్నారు. నిజమేనా?
– బొబ్బిలి

జవాబు: ఆదాయంతో పని లేదండీ, ఆధార్‌లో 70 నిండి ఉంటే చాలు. ఆయుష్మాన్ వయ వందన కార్డు అంటారు, 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. ఏడాదికి 5 లక్షలు ఇంటికి మొత్తం మీద, అంటే మీకూ మీ ఆవిడకూ ఇద్దరికీ 70 దాటితే ఆ ఐదూ ఇద్దరూ పంచుకోవాలి. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది, నెలనెలా కొనే షుగర్ మాత్రలకు రాదు. కేంద్ర ప్రభుత్వ పెన్షనరై సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం) వాడుతుంటే మాత్రం అదో ఇదో ఎంచుకోవాలి.

ప్రశ్న: మా అత్తగారికి 78. ఏడాదిగా టీవీ సౌండు ఇల్లదిరిపోయేలా పెడతారు. మేం మాట్లాడుకుంటుంటే తన గురించే అనుకుంటున్నామని అలుగుతారు. అడిగినదే అడుగుతారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పైడితల్లమ్మ సిరిమానోత్సవం కూడా మానని మనిషి, కిందటేడు తలనొప్పి అని ఇంట్లోనే ఉండిపోయారు. మతిమరుపు జబ్బేమోనని టెన్షన్. ఇంట్లో చూసుకోవాల్సింది నేనొక్కదాన్నే.
– విజయనగరం, కంటోన్మెంట్ నుంచి ఒక కోడలు

జవాబు: తల్లీ, మతిమరుపు అని తేల్చేసే ముందు చెవులు చూపించండి. మీరు రాసిన నాలుగు లక్షణాలూ వినికిడి తగ్గినా కనిపిస్తాయి. సగం మాటలు వినబడితే మిగతా సగం మనసు నింపుకుంటుంది, అదీ చెడ్డగానే. జనంలోకి వెళ్తే డప్పులు, మైకులు, అరుపులు అన్నీ ఒకే రొద అయిపోయి తలనొప్పి వస్తుంది. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, ఒక్కోసారి గులిమి గట్టిపడినా ఇంతే, తీసేస్తే సరిపోతుంది. కాకపోతే ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేసి చెవి మిషన్ రాస్తారు. పట్టించుకోకుండా వదిలేయకండి, మతిమరుపు జబ్బుకు మనం తగ్గించుకోగలిగిన కారణాలు 14 అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ చెప్పింది, వాటిలో వినికిడి లోపం పెద్దది.

మిషన్ పెట్టగానే అంతా బాగైపోతుందనుకోవద్దు, మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు కూడా తలలో మోగినట్టుంటుంది, విసిరికొడతారు. రోజుకో గంట ఇంట్లోనే పెట్టించి మెల్లగా పెంచండి. అరిచి మాట్లాడకుండా ఎదురుగా నిలబడి, మొహం కనబడేలా, నిదానంగా మాట్లాడండి. తెలిసిన వీధిలో దారి తప్పడం, స్టవ్ వెలిగించి మరచిపోవడం, డబ్బు లెక్క తేలకపోవడం కనిపిస్తే మాత్రం చెవుల పరీక్షతో ఆగకుండా న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ దసరా తర్వాత మంగళవారం, మూడు లాంతర్ల నుంచి కోటకు వెళ్లే దారిలో తెలిసినవాళ్ల మేడ ఏదైనా ఉంటే ఆవిణ్ని మధ్యాహ్నమే తీసుకెళ్లి కూర్చోబెట్టండి, పైనుంచి సిరిమాను హాయిగా కనబడుతుంది, తోపులాట ఉండదు.

మీ గురించి ఒక మాట. "నేనొక్కదాన్నే" అని రాశారు. మీ ఆయనకు ఆవిడ కన్నతల్లి కదా? ఆడియోగ్రామ్ రోజు సెలవు పెట్టి ఆయన్నే తీసుకెళ్లమనండి.

ప్రశ్న: నాకు 68, భార్య పోయి ఏడేళ్లు. మా వీధిలోనే 61 ఏళ్ల ఆవిడ ఉన్నారు, భర్త లేరు, పిల్లలు దూరంగా ఉన్నారు. పొద్దున్న వాకింగులో కలుస్తాం, ఒకరికి జ్వరమొస్తే ఒకరు చూసుకుంటాం. కలిసి ఉండాలనుకుంటున్నాం. ఊళ్లో నవ్వుతారని భయం, నా కూతురు ఏమంటుందోనని ఇంకా భయం.
– రాజాం

జవాబు: నవ్వేవాళ్లు మీకు జ్వరమొస్తే కాఫీ పట్టుకుని రారు, వాళ్లను వదిలేయండి. ఇందులో సిగ్గుపడాల్సింది నాకేం కనబడలేదు. చూసుకోవాల్సినవి మాత్రం ఉన్నాయి. ఆవిడకు భర్త తరఫున ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే, మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ఆగిపోయే అవకాశం ఉంది, ముందు ట్రెజరీలో నిబంధన కనుక్కోండి. పెన్షన్ పోతుందని పెళ్లి లేకుండా కలిసి ఉందామనుకుంటే, రేపు ఆసుపత్రిలో సంతకం ఎవరు పెడతారు, మీ తర్వాత ఆవిడ ఆ ఇంట్లో ఉండొచ్చా అన్న ప్రశ్నలు వస్తాయి. పెళ్లి చేసుకుంటే రిజిస్టర్ చేయించుకోండి. ఎలా చేసినా సరే, మీ ఆస్తి మీ కూతురికి, ఆవిడది ఆవిడ పిల్లలకు, ఉండే ఇల్లు మాత్రం బతికున్నవారికి అని ఇద్దరూ విడివిడిగా వీలునామాలు రాసుకోండి. పిల్లల కోపంలో సగం ఆస్తి గురించిన భయమే, అది ముందే తీరిపోతే మిగతాది మాట్లాడుకోవచ్చు.

కూతురికి ఫోన్‌లో చెప్పకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి, అల్లుడు లేనప్పుడు. ఏడుస్తుంది, వాళ్లమ్మ గుర్తొస్తుంది, ఆ రోజు ఒప్పించాలని చూడకండి. ఇంకెవరి నోటి నుంచో ఆ అమ్మాయి చెవిన పడకముందే వెళ్లండి, రాజాం చిన్న ఊరు.